ముందు కాగితం, ఆ తర్వాతే కెమెరా: నటీమణుల ఒప్పందాలపై ఫిలిం ఛాంబర్‌కు బహిరంగ లేఖ

తెలుగు ఫిలిం ఛాంబర్ ఆఫ్ కామర్స్, తెలుగు చలనచిత్ర నిర్మాతల మండలి, మూవీ ఆర్టిస్ట్స్ అసోసియేషన్ కార్యవర్గాలకు,

నమస్కారం.

2022 ఆగస్టు 1 నుంచి షూటింగులు ఆపి, చర్చలు జరిపి మీరు కొన్ని నిర్ణయాలు ప్రకటించారు. సినిమా మొదలయ్యేలోపే పారితోషికం ఒప్పందం రాసుకోవాలి, దానికి ఛాంబర్ ధ్రువీకరణ తప్పనిసరి అన్నది అందులో ఒకటి. రోజువారీ చెల్లింపులు ఉండవు. స్టాఫ్, లోకల్ రవాణా, బస, ప్రత్యేక భోజనం అన్నీ ఆ పారితోషికంలోనే అన్నది ఇంకొకటి. నిర్మాతకు ఖర్చు తగ్గాలని పెట్టిన నియమాలివి. వాటిని తప్పు పట్టడం లేదు. అయితే ఒప్పందం అనగానే అందరి చూపూ అంకె మీదికే పోయింది. అంకె కింద రాయాల్సిన మిగతా పేజీల సంగతి ఎవరూ ఎత్తలేదు. ఈ లేఖ ఆ పేజీల గురించే. రాస్తున్నది నటీమణులకూ మోడల్స్‌కూ డేట్లు చూసేవాళ్లం, ఒప్పందాలు రాసేవాళ్లం, లెక్కలు కట్టేవాళ్లం.

మగవాళ్లకు అక్కర్లేదా అంటారేమో. కావాలి. కానీ పెద్ద హీరోకు కాగితం లేకపోయినా పని నడుస్తుంది. ఆయన డేటు ఇవ్వకపోతే సినిమాయే ఆగిపోతుంది కాబట్టి ఆయన మాటే కాగితం. హీరోయిన్‌ను మొదటి షెడ్యూల్ అయ్యాక కూడా మార్చేయొచ్చన్న ధీమా యూనిట్‌లో ఉంటుంది. వదిన వేషం, చెల్లెలి వేషం వేసే అమ్మాయిని మార్చడానికి ఒక ఫోన్ కాల్ చాలు. అందుకే కాగితం అవసరం ఆమెకే ఎక్కువ.

డబ్బు దగ్గర మొదలుపెడతాం. “బ్యాలెన్స్ డబ్బింగ్ అప్పుడు చూసుకుందాం” అన్న ఒక్క మాట మీద మన దగ్గర ఎన్నో సినిమాలు నడుస్తాయి. నటుడి చేతిలో చివరిదాకా మిగిలే పట్టు ఆయన గొంతే. డబ్బు పడకపోతే డబ్బింగ్‌కు వెళ్లడు, డబ్బింగ్ కాకపోతే ఫస్ట్ కాపీ రాదు, కాబట్టి చెక్కు వస్తుంది. తెలుగు రాని కథానాయికకు ఈ పట్టే లేదు. ఆమెకు వేరొకరు గొంతు ఇస్తారు. సమంత తొలి తెలుగు సినిమాకు చిన్మయి డబ్బింగ్ చెప్పారన్నది అందరికీ తెలిసిందే. గొంతు అరువు తెచ్చుకోవడంలో తప్పేమీ లేదు, అదొక గొప్ప కళ కూడా. కానీ బ్యాలెన్స్‌ను డబ్బింగ్‌కు ముడిపెట్టి, ఆ డబ్బింగ్ వేరొకరితో చెప్పించేస్తే ఆమె చేతిలో మిగిలేది ఏమిటి? షూటింగ్ ముగిసి గుమ్మడికాయ కొట్టిన రోజునే ఆమె పట్టు పోతుంది. ఆ తర్వాత చేసే ఫోన్లన్నీ బతిమాలుకోవడమే.

కాబట్టి వాయిదాలను షూటింగ్ రోజులకు ముడిపెట్టాలి. మా సూచన ఇది: సంతకం రోజు 20 శాతం, మొదటి షెడ్యూల్‌కు ముందు 20, ఒప్పుకున్న రోజుల్లో సగం పూర్తయ్యాక 30, చివరి షెడ్యూల్ మొదలయ్యే ముందు 25. మిగిలిన 5 శాతం మాత్రమే ప్యాచ్ వర్క్‌కు (షూటింగ్ అయ్యాక మిగిలిపోయిన షాట్లు తీయడానికి), డబ్బింగ్‌కు. ఆమె డబ్బింగ్ చెప్పని పక్షంలో ఆ 5 శాతం కూడా చివరి ప్యాచ్ వర్క్ రోజునే చెల్లించాలి. “రిలీజ్‌కు ముందు” అన్న పదాలు చెల్లింపుల పేజీలో ఎక్కడా కనపడకూడదు. విడుదల తేదీ ఆమె చేతిలో లేదు. ఆ మాటకొస్తే చాలాసార్లు నిర్మాత చేతిలోనూ ఉండదు.

ఇక అంకె లోపల దాగే అంకెలు. 40 రోజులకు 30 లక్షలు అనుకుందాం. “జీఎస్టీ అదనం” అని రాస్తే 18 శాతం చొప్పున 5.40 లక్షలు పైన వస్తుంది, ఆమె దాన్ని ప్రభుత్వానికి కడుతుంది, 30 లక్షలూ ఆమె ఆదాయంగా నిలుస్తుంది. ఆ రెండు పదాలు రాయకుండా “అన్నీ కలిపి 30 లక్షలు” అని రాస్తే జీఎస్టీ లోపలే ఉన్నట్టు. అప్పుడు అసలు పారితోషికం 25.42 లక్షలే, మిగతా 4.58 లక్షలు పన్ను. ఇప్పుడు మీ 2022 నిర్ణయం ప్రకారం స్టాఫ్ ఖర్చు కూడా ఆమెదే. మేకప్, హెయిర్, టచప్, అసిస్టెంట్ కలిపి రోజుకు 12 వేలు అనుకుంటే 40 రోజులకు 4.80 లక్షలు. మేనేజర్ కమీషన్ 10 శాతం అనుకుంటే 2.54 లక్షలు. మిగిలింది 18.08 లక్షలు. ఇందులోంచి హోటల్, కారు, ఆపైన ఆదాయపు పన్ను. “30 లక్షల హీరోయిన్” అని పేపర్లో వచ్చే మాటకూ ఆమె బ్యాంకు పాస్‌బుక్కుకూ మధ్య ఉన్న దూరం ఇది. స్టాఫ్‌ను పారితోషికంలో కలపడం మీ నిర్ణయమైతే, ఎన్ని రోజుల స్టాఫ్ అన్నది కూడా రాయాలి. 40 రోజుల పని 58 రోజులకు సాగితే, ఆ 18 రోజుల మేకప్ మనిషి జీతం ఎవరిది?

ఇంకో చిక్కు. ఆమె బిల్లు ఇచ్చేస్తే, నిర్మాత డబ్బు ఇచ్చినా ఇవ్వకపోయినా మరుసటి నెల 20లోపు జీఎస్టీ కట్టాల్సిందే. చేతికి రాని డబ్బు మీద చేతి డబ్బుతో పన్ను కట్టినవాళ్లు ఉన్నారు. అందుకే ముందు ప్రొఫార్మా బిల్లు, అంటే పన్ను లెక్కలోకి రాని ముందస్తు బిల్లు ఇచ్చి, వాయిదా సొమ్ము ఖాతాలో పడ్డాక ఆ వాయిదాకే ట్యాక్స్ ఇన్వాయిస్ ఇచ్చే పద్ధతిని ఒప్పందంలోనే పెట్టండి. చెల్లించేటప్పుడే కోసే ఆదాయపు పన్ను, అంటే టీడీఎస్, 10 శాతం కోసినప్పుడు దాన్ని జీఎస్టీ కలపని మొత్తం మీదే కోయాలి. కోసినది మరుసటి నెల 7లోపు జమ చేసి, మూడు నెలలకోసారి టీడీఎస్ సర్టిఫికెట్ ఇవ్వాలి. కోసి జమ చేయని కేసుల్లో ఆ సొమ్ము ఆమె పన్ను ఖాతా వివరాల్లో కనపడదు, నోటీసు మాత్రం ఆమెకే వస్తుంది. సావిత్రిగారి జీవితం గురించి మాట్లాడేటప్పుడు మద్యం గురించి చెప్పినంతగా ఆదాయపు పన్ను బకాయిల గురించి ఎవరూ చెప్పరు. 1981 డిసెంబర్ 26న ఆమె కన్నుమూసే నాటికి ఆస్తుల్లో చాలా భాగం చేజారిపోయింది. మహానటి పతనాన్ని బలహీనతగా చెప్పుకోవడం తేలిక. లెక్కలు చూసేవాళ్లకు మాత్రం ఆ కథలో వేరే పాఠం కనపడుతుంది.

చెక్కుల సంగతి కూడా ఒక మాట. తేదీ వేయని చెక్కు ఇచ్చి “రిలీజ్ అయ్యాక వేసుకోండి” అనడం పాత అలవాటు. తేదీ వేశాక చెక్కు 3 నెలలే చెల్లుతుంది. బౌన్స్ అయితే బ్యాంకు మెమో అందిన 30 రోజుల్లో నోటీసు పంపాలి. నోటీసు అందాక చెక్కు ఇచ్చినవాళ్లకు 15 రోజులు గడువు. అప్పటికీ ఇవ్వకపోతే ఆపై నెలలోపు కోర్టులో ఫిర్యాదు వేయాలి. “వచ్చే వారం ఇస్తాం” అన్న మాట విని నోటీసు గడువు దాటించుకోవడమే ఇక్కడ జరిగే అసలు తప్పు. రెండో తప్పు ఇంకా సూక్ష్మమైనది: పోస్టర్ మీద ఒక బ్యానర్, చెక్కు మీద ఆ సినిమా కోసమే పెట్టిన ఇంకో సంస్థ. సినిమా పోయాక ఆ సంస్థ ఖాతాలో ఏమీ ఉండదు. డబ్బు చెల్లించే సంస్థ పేరు, పాన్, ఛాంబర్ సభ్యత్వ సంఖ్య ఒప్పందం మొదటి పేజీలో ఉండాలి. బ్యానర్ అధినేత హామీదారుగా సంతకం చేయాలి. ఈ రెండూ లేని ఒప్పందానికి మీరు ధ్రువీకరణ ముద్ర వేయకండి. మీరు అడగగలిగినవాళ్లు కాబట్టే మిమ్మల్ని అడుగుతున్నాం.

డేట్ల విషయానికి వద్దాం. ఇప్పుడు వాడుకలో ఉన్న ఒప్పందాల్లో నటి డేటు తప్పితే నష్టపరిహారం అని ఒక పేరా ఉంటుంది. నిర్మాత డేటు తప్పితే ఏమిటన్నది ఉండదు. హీరో కాంబినేషన్ సీన్ వాయిదా పడితే ఆ 12 రోజులకూ ఆమె వదులుకున్న ఇంకో సినిమా, ఒక నగల దుకాణం యాడ్ ఎవరి లెక్కలోకీ రావు. రోజు రేటు తీయడం కష్టమేమీ కాదు. 30 లక్షలను 40తో భాగిస్తే 75 వేలు. ఏడు రోజుల ముందు చెప్పి రద్దు చేస్తే ఏమీ ఇవ్వక్కర్లేదు. రెండు నుంచి ఏడు రోజుల మధ్య అయితే సగం రోజు రేటు. మేకప్ వేసుకున్నాక ప్యాకప్ చెబితే పూర్తి రోజు కింద లెక్క. ఒప్పుకున్న రోజులు దాటితే ప్రతి అదనపు రోజుకూ అదే రేటు. ప్యాచ్ వర్క్ రెండు రోజులు ఉచితం, మూడో రోజు నుంచి రేటు. రీషూట్ అంటే ప్యాచ్ వర్క్ కాదు. కథ మారి మళ్లీ తీస్తే అది కొత్త పని. ప్రయాణం రోజు పని రోజే. ప్రమోషన్లకు ఎన్ని రోజులు, ఏ ఊళ్లలో, డ్రెస్సు ఖర్చు ఎవరిది? ఇవి ముందే రాసుకుంటే రిలీజ్ వారంలో “హీరోయిన్ ప్రమోషన్లకు రావట్లేదు” అన్న వార్తలు సగం తగ్గుతాయి.

2025లో ఎనిమిది గంటల పని మీద పెద్ద దుమారమే రేగింది. ఎనిమిదా, పన్నెండా అన్నది తర్వాత తేల్చుకోవచ్చు. అసలు గడియారం ఎక్కడ మొదలవుతుందో ముందు తేల్చండి. కాల్‌షీట్, అంటే ఆ రోజు పని వేళల కాగితం, ఉదయం ఆరింటికి అని ఉంటే హీరో ఆరింటికి వస్తాడు. కథానాయిక మేకప్, జడ, నగలు, చీర కట్టు కలిపి రెండు గంటలు పడుతుంది కాబట్టి ఆమె నాలుగింటికే కుర్చీలో కూర్చోవాలి. పౌరాణికమో, ప్రోస్తెటిక్ మేకప్పో అయితే ఇంకా ముందు. సాయంత్రం ఆరింటికి ప్యాకప్ చెప్పాక విగ్గు, నగలు, మేకప్ తీయడానికి ముప్పావు గంట. కాల్‌షీట్ మీద పన్నెండు గంటలు, ఒంటి మీద పదిహేను. ఆమె గడియారం మేకప్ కుర్చీలో మొదలై మేకప్ తీశాక ఆగాలి. ఆ ఆగిన నిమిషం నుంచి మరుసటి కాల్‌కు మధ్య కనీసం 11 గంటలు ఉండాలి. కో-డైరెక్టర్ రోజూ రాసే రిపోర్టులో “మేకప్ ప్రారంభం”, “మేకప్ తొలగింపు” అని రెండు గడులు చేరిస్తే చాలు, కొత్త వ్యవస్థేమీ అక్కర్లేదు. కాల్‌షీట్ సమయాలు పాటించాలని, రోజువారీ నివేదికలు ఉండాలని 2022లో మీరే అన్నారు కదా.

జూనియర్ ఆర్టిస్టులకు, డ్యాన్సర్లకు క్యారవాన్ ఉండదు. అవుట్‌డోర్‌లో రెండు చీరలు అడ్డం కట్టుకుని బట్టలు మార్చుకుంటారు. టాయిలెట్ దూరమని నీళ్లు తాగడం మానేసి మూత్రకోశ ఇన్ఫెక్షన్లు తెచ్చుకునే పరిస్థితిని మలయాళ సినిమాలో మహిళల పరిస్థితిపై కేరళలో వేసిన జస్టిస్ హేమ కమిటీ నివేదిక నమోదు చేసింది. జూనియర్ ఆర్టిస్టులు ఎక్కువగా ఉండే హైదరాబాద్ కృష్ణానగర్ నుంచి తెల్లవారుజామున బస్సెక్కే అమ్మాయిలను అడిగితే ఇక్కడి సంగతీ వాళ్లే చెబుతారు. పాతిక మంది ఆడవాళ్లకు ఒక టాయిలెట్ బండి, గడియ ఉన్న ఒక డ్రెస్సింగ్ గది: ఒక రోజు క్రేన్ అద్దె ముందు ఇది పెద్ద ఖర్చేమీ కాదు.

ఇప్పుడు అన్నిటికంటే సున్నితమైన పేజీ. కథ చెప్పేటప్పుడు “ఒక చిన్న రొమాంటిక్ సాంగ్” అంటారు. సెట్‌కు వచ్చాక అది ఏమవుతుందో అక్కడే తెలుస్తుంది. ఎనభై మంది ముందు, లైట్లన్నీ వెలుగుతుండగా, “సీన్ డిమాండ్ చేస్తోంది” అన్నప్పుడు కొత్త అమ్మాయి కాదనలేదు. అక్కడ ఆమె ఊఁ అన్నదాన్ని అంగీకారం అనకూడదు. అందుకని ముద్దు, కౌగిలి, స్నానం, అత్యాచార సన్నివేశం, పొట్టి బట్టల పాట వంటి ప్రతిదానికీ ఒప్పందానికి వేరే అనుబంధం ఉండాలి. అందులో సీన్ పేపర్ జతచేయాలి. ఏ భాగం కనపడుతుంది, ఏది కనపడదు, ఏ దుస్తులు, లోపల చర్మం రంగు టేప్ లేదా షార్ట్స్ ఉంటాయా, తాకేది ఎవరు, ఎక్కడ తాకొచ్చు, ఎక్కడ తాకకూడదు అన్నవి పదాల్లో రాయాలి. కాస్ట్యూమ్ ట్రయల్ షూటింగ్‌కు కనీసం 48 గంటల ముందు జరగాలి, ఆ ఫొటో అనుబంధానికి అంటించాలి. షాట్ రోజున సెట్ మూసేయాలి. లోపల ఉండేవాళ్ల పేర్లు ముందే రాయాలి. దర్శకుడు, కెమెరా, ఫోకస్ పుల్లర్, సౌండ్, కాస్ట్యూమ్, మేకప్, ఆమె కోరుకున్న ఒక ఆడమనిషి ఉంటే సరిపోతుంది. ఫోన్లు బయట బుట్టలో వేయాలి. మానిటర్ ఒక్కటే, దాని ముందు దర్శకుడు తప్ప ఎవరూ ఉండకూడదు. షాట్‌కు ముందు ఎప్పుడైనా ఆమె వద్దు అనొచ్చు. వద్దన్నందుకు పారితోషికం కోయకూడదు, సీన్ రాసిన తీరు మార్చుకోవాలి. ఆమె ఒప్పుకోనిది డూప్‌తో తీసి ఆమెదేనన్నట్టు ఎడిట్ చేయకూడదు. డూప్ పాత్ర కూడా ఒక ఆడపిల్లదే కాబట్టి ఆమెకూ ఇదే అనుబంధం.

“సెన్సార్‌లో ఎలాగూ పోతుంది” అన్న మాటను నమ్మి ఒప్పుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. సెన్సార్ సర్టిఫికెట్ థియేటర్ ప్రదర్శనకు సంబంధించినది. ఓటీటీకి 2021 ఐటీ నిబంధనల ప్రకారం సంస్థలే వయసు వర్గీకరణ చేసుకుంటాయి. థియేటర్లో కోసేసిన 40 సెకన్లు ఓటీటీలో తిరిగి అతుక్కోవచ్చు, “డిలీటెడ్ సీన్” పేరుతో యూట్యూబ్‌లో తేలొచ్చు, ఆ ఒక్క ఫ్రేమే థంబ్‌నెయిల్ కావొచ్చు. కాబట్టి అనుబంధంలో ఇంకో వాక్యం: థియేటర్ వెర్షన్‌లో లేని సున్నిత దృశ్యాలు వేరే ఏ మాధ్యమంలోనూ, పోస్టర్, టీజర్, థంబ్‌నెయిల్‌గానూ ఆమె రాతపూర్వక అనుమతి లేకుండా వాడకూడదు. వాడని ఫుటేజీ ఎవరి దగ్గర, ఏ హార్డ్ డిస్క్‌లో ఉంది, ఎప్పుడు చెరిపేస్తారు అన్నది కూడా రాయాలి. ఏలూరు దగ్గరి కొవ్వలిలో పుట్టిన విజయలక్ష్మి సిల్క్ స్మితగా మారి 1996లో చనిపోయింది. దాదాపు మూడు దశాబ్దాలైనా ఆమె బొమ్మను అమ్ముకోవడం ఆగలేదు. ఇంటర్నెట్ లేని రోజుల సంగతి అది. ఇప్పుడు రోజులు ఎంత నిర్దయగా ఉన్నాయో వేరే చెప్పక్కర్లేదు.

చెప్పక్కర్లేదన్నాం గానీ చెప్పాల్సిందే ఒకటుంది. 2023 నవంబర్‌లో రష్మిక ముఖాన్ని వేరొకరి శరీరానికి అతికించిన వీడియో దేశమంతా తిరిగింది. మొన్నటిదాకా బయటివాళ్ల నుంచే ముప్పు అనుకున్నాం. ఇప్పుడు ఒప్పందంలోనే ఉంది. “ఇప్పుడున్న, ఇకముందు రాబోయే అన్ని మాధ్యమాల్లో, ప్రపంచమంతటా, శాశ్వతంగా” అన్న వాక్యం చాలా ఒప్పందాల్లో ఉంటుంది. శాటిలైట్ హక్కుల రోజుల్లో రాసుకున్న ఆ వాక్యం కిందే రేపు ఆమె గొంతును యంత్రంతో ఐదు భాషల్లోకి మార్చొచ్చు, లుక్ టెస్ట్ రోజు తీసిన ముఖం స్కాన్‌తో ఆమె నటించని సీన్ సృష్టించొచ్చు. వీఎఫ్ఎక్స్ కోసం తీసిన స్కాన్ ఈ సినిమాకే పరిమితం, యంత్ర శిక్షణకు ఇవ్వరాదు, గొంతు మార్పిడికి వేరే అనుమతి, వేరే రుసుము అని మూడు ముక్కలు చేర్చండి. అనిల్ కపూర్ 2023లో, ఐశ్వర్యా రాయ్, నాగార్జున 2025లో తమ పేరు, రూపం వాడకుండా ఢిల్లీ హైకోర్టుకు వెళ్లి ఉత్తర్వులు తెచ్చుకున్నారు. రెండో సినిమా చేస్తున్న అమ్మాయికి ఢిల్లీ దాకా వెళ్లే స్తోమత ఉండదు. ఆమెకు ఆ మూడు ముక్కలే హైకోర్టు. మార్ఫింగ్ చేసిన అశ్లీల చిత్రంపై బాధితురాలు ఫిర్యాదు చేస్తే 2 గంటల్లో తొలగించాలని 2026లో సవరించిన ఐటీ నిబంధనలు చెబుతున్నాయి. లింకు, స్క్రీన్‌షాట్, తేదీ, సమయం భద్రం చేసుకున్నాకే ఫిర్యాదు చేయాలి. కంగారులో ముందే తీసేయిస్తే కేసుకు ఆధారం మిగలదు. ఈ పని చేసిపెట్టడానికి ఛాంబర్‌లో ఒక మనిషిని కేటాయించినా చాలు.

వేధింపుల ఫిర్యాదు గురించి. పనిచోట మహిళలపై లైంగిక వేధింపుల నిరోధానికి వచ్చిన 2013 చట్టం ప్రకారం పది మంది, అంతకు మించి పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి. రోజు కూలీ, తాత్కాలికం, ఏజెంటు ద్వారా వచ్చినవాళ్లు అందరూ లెక్కలోకి వస్తారు, కాబట్టి ఏ సినిమా యూనిట్ అయినా ఈ గీత దాటుతుంది. కమిటీ వేయకపోతే 50 వేల వరకు జరిమానా. మహిళా అధ్యక్షురాలు, ఉద్యోగుల నుంచి కనీసం ఇద్దరు, బయటి స్వచ్ఛంద సంస్థ నుంచి ఒకరు, మొత్తంలో సగం ఆడవాళ్లు ఉండాలి. ఫిర్యాదుకు 3 నెలలు గడువు, కారణం చూపితే ఇంకో 3 నెలలు. విచారణ 90 రోజుల్లో పూర్తి కావాలి. సినిమాలో ఇది ఎక్కడ దెబ్బతింటుందంటే, 45 రోజుల షూటింగ్ అయ్యేసరికి యూనిట్ చెదిరిపోతుంది. ఫిర్యాదు చేసే ధైర్యం వచ్చేసరికి కమిటీయే ఉండదు. కాబట్టి కమిటీ సినిమాకు కాదు, బ్యానర్‌కు ఉండాలి. సినిమా విడుదలయ్యాక కూడా పనిచేయాలి. సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్లు ప్రతి కాల్‌షీట్ కింద అచ్చు కావాలి. ఆరోపణ నిర్మాత మీదే అయితే ఆ కమిటీ చూడకూడదు, జిల్లా స్థాయి లోకల్ కమిటీకి వెళ్లాలి. ఈ సంగతి చాలామంది నిర్మాతలకే తెలియదు.

ఆ చట్టంలో “బాధిత మహిళ” ఉద్యోగి అయ్యుండాలన్న షరతు లేదు. ఆడిషన్‌కు వచ్చిన అమ్మాయికీ అది వర్తిస్తుంది. షూటింగ్ కోసం దిగిన హోటలూ, ఎక్కించుకున్న కారూ పనిచోటే. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 69వ సెక్షన్ ఉద్యోగం, పదోన్నతి ఇస్తామన్న బూటకపు హామీతో లైంగిక సంబంధం పెట్టుకోవడాన్ని పదేళ్ల వరకు శిక్షపడే నేరంగా పెట్టింది. “కమిట్‌మెంట్” అని మనవాళ్లు మెత్తగా పిలిచే దానికి చట్టం పెట్టిన పేరు అది. హేమ కమిటీ నివేదిక 2019 డిసెంబర్ 31న ప్రభుత్వం చేతికి వెళ్లి 2024 ఆగస్టు 19న గానీ బయటికి రాలేదు. ఆ కమిటీ ముగ్గురు సభ్యుల్లో ఒకరు మన తెనాలి శారదగారు. రాతపూర్వక ఒప్పందాలు లేకపోవడాన్నీ, ఒప్పుకున్న డబ్బు ఎగ్గొట్టడాన్నీ ఆ నివేదిక వేధింపుల పక్కనే పెట్టి చెప్పింది. ఆ రెండిటికీ సంబంధం ఉందని మా పనిలో రోజూ కనపడుతుంది. డబ్బు రావాల్సి ఉన్న మనిషి నోరెత్తదు. తెలుగు సినిమాలో లైంగిక వేధింపులపై తెలంగాణ ఉపసంఘం ఇచ్చిన నివేదికను బయటపెట్టాలని 2024 ఆగస్టులో సమంత అడిగారు. మీరూ గొంతు కలపాలి.

ఆడిషన్ల పేరుతో జరిగే మోసాన్ని ఆపడానికి మీ దగ్గరే ఒక పనిముట్టు ఉంది. బ్యానర్లు, టైటిళ్లు మీ దగ్గరే రిజిస్టర్ అవుతాయి. కాస్టింగ్ ప్రకటన వేసే ప్రతి సభ్యుడూ టైటిల్ రిజిస్ట్రేషన్ నంబరు, ఆడిషన్ తీసుకునే వ్యక్తి పేరు అందులో వేయాలి. టైటిల్ ఇంకా ఖరారు కాకపోతే “ప్రొడక్షన్ నంబర్ 3” అని బ్యానర్ నంబరైనా వేయాలి. మీ వెబ్‌సైట్‌లో ఆ నంబరు కొడితే నిజమో కాదో తెలియాలి. నంబరు లేని ప్రకటన దొంగ ప్రకటన అన్న మాట కృష్ణానగర్‌లో పాకితే చాలు. ఆడిషన్ ఆఫీసులోనో స్టూడియోలోనో పగలు జరగాలి, హోటల్ గదిలో కాదు. డబ్బు తీసుకోకూడదు. “మా స్టూడియోలోనే పోర్ట్‌ఫోలియో తీయించుకోవాలి”, “రిజిస్ట్రేషన్ ఫీజు”, “కార్డు డిపాజిట్” అన్నవి ఒకే దొంగతనానికి మూడు పేర్లు. మొదటి ఎంపికకు మేకప్ లేని నాలుగు ఫోన్ ఫొటోలు చాలు: ముఖం ఎదురుగా, పక్కనుంచి, నిలువెత్తు, నవ్వుతూ. ఎత్తు, భాషలు, నేర్చిన నాట్యం ఒక కాగితం మీద రాస్తే సరి. స్విమ్ సూట్ ఫొటో అడిగేవాడికి ఆ పాత్రకు అది ఎందుకో రాతలో చెప్పమనండి, చెప్పలేడు.

మోడల్స్ సంగతి ఇక్కడ ఎవరికీ పట్టదు. ఒక చీరల దుకాణం యాడ్‌కు రోజంతా నలభై, యాభై చీరలు మార్చి నిలబెడతారు, ఒక రోజు డబ్బు ఇస్తారు. ఆ ఫొటో హైవే హోర్డింగ్ మీద మూడేళ్లు ఉంటుంది. ఈలోపు ఆమెకు వేరే దుకాణం నుంచి పిలుపు వస్తే “ఆ అమ్మాయి వాళ్ల ముఖం కదా” అని వెనక్కి పోతారు. పారితోషికంలో పని రేటు వేరు, వాడుక రేటు వేరు అని విడదీయాలి. వాడుకకు కాలం 12 నెలలు, ప్రాంతం రెండు తెలుగు రాష్ట్రాలు, మాధ్యమాలు విడివిడిగా హోర్డింగ్, పత్రిక, టీవీ, డిజిటల్ అని రాయాలి. గడువు దాటితే పొడిగింపు రుసుము. పోటీ దుకాణాలకు చేయకూడదన్న షరతు పెడితే దానికీ డబ్బు కట్టాలి, ఆ షరతు గడువు వాడుక గడువును మించకూడదు. ఇంతే.

యాడ్‌లో చెప్పే అబద్ధానికి ఇప్పుడు ముఖం చూపినవాళ్లూ జవాబుదారీ. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం తప్పుదారి పట్టించే ప్రకటనలో ముఖం చూపి ప్రచారం చేసినవాళ్లకు 10 లక్షల వరకు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా, మొదటిసారికి ఏడాది వరకు, మళ్లీ చేస్తే మూడేళ్ల వరకు ప్రకటనలు చేయకుండా నిషేధం ఉన్నాయి. తగిన జాగ్రత్త తీసుకున్నానని చూపగలిగితేనే రక్షణ. చూపాలంటే కాగితం కావాలి: క్రీముకు పరీక్ష నివేదిక, రియల్ ఎస్టేట్ వెంచర్‌కు రెరా (నియంత్రణ సంస్థ) నంబరు, ఆహారానికి లైసెన్సు. బెట్టింగ్ యాప్‌ల ప్రచారంపై 2025 మార్చిలో హైదరాబాద్‌లో నటీనటుల మీద కేసులు పడ్డాయి. ఆ ఏడాది వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు ఆటల ప్రకటనలకు రెండేళ్ల వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా పెట్టింది. రెండు లక్షల ఇన్‌స్టా రీల్ కోసం సంతకం పెట్టే అమ్మాయికి ఇది చెప్పేవాళ్లు ఉండాలి. ప్రకటన అబద్ధమైతే నష్టం, లాయరు ఖర్చు కంపెనీదే అన్న వాక్యం ఒప్పందంలో ఉండాలి. అయినా ఆ వాక్యం జైలును ఆపదు, డబ్బునే ఆపుతుంది. అందుకే డబ్బు ఆటల యాడ్‌కు మా సలహా ఒక్కటే, వద్దు.

బాల నటీమణుల విషయంలో నిబంధనలు స్పష్టంగానే ఉన్నాయి, పాటిస్తే చాలు. రోజుకు 5 గంటలకు మించకూడదు, విరామం లేకుండా 3 గంటలు దాటకూడదు, వరుసగా 27 రోజులకు మించి పనిచేయించకూడదు. జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి ఉండాలి. ఆదాయంలో కనీసం 20 శాతం పాప పేరు మీద జాతీయ బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయాలి. ఆ డిపాజిట్ రసీదు నకలు లేకుండా ఒప్పందాన్ని మీరు ధ్రువీకరించకపోతే, పదేళ్ల తర్వాత “నా డబ్బంతా ఏమైంది” అని ఏ అమ్మాయీ తల్లిదండ్రులను అడగాల్సిన పని ఉండదు.

నటిని సినిమా మధ్యలో మార్చే సందర్భం మిగిలింది. అడ్వాన్స్ తిరిగి అడగకూడదు. పనిచేసిన రోజులకు రోజు రేటు ఇవ్వాలి. తీసిన ఫుటేజీ ఎక్కడా వాడకూడదు. పత్రికా ప్రకటన ఇద్దరూ చదివి సంతకం చేసిన ఒకే ప్రకటన కావాలి. “క్రియేటివ్ డిఫరెన్సెస్” అని మీరు రాసి ఊరుకున్నా, మరుసటి రోజు “ఆమె ఎక్కువ అడిగింది” అని యూనిట్ నుంచి ఎవరో లీక్ ఇస్తారు. ఆ లీక్ తర్వాత ఆమెకు రావాల్సిన రెండు సినిమాలు ఆగుతాయి. అందుకని ఇరువైపులా మౌనం పాటించాలన్న షరతు, తప్పినవాళ్లు చెల్లించాల్సిన సొమ్ము ముందే అంకెలో రాయాలి.

మా విన్నపాలు మూడు. వచ్చే కార్యవర్గ సమావేశం అజెండాలో ప్రామాణిక ఒప్పందం అన్న అంశం పెట్టండి. తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ ఒకే నమూనా తయారుచేసి, సంతకం చేసే ప్రతి నటికీ ఆమె చదవగల భాషలో ఒక నకలు, కనీసం మూడు రోజుల గడువుతో ఇవ్వాలని నియమం పెట్టండి. ఇప్పుడు చాలామంది కారవాన్‌లో, మేకప్ మధ్యలో సంతకం పెడుతున్నారు, నకలు తర్వాత ఇస్తామంటారు, రాదు. ఛాంబర్ ధ్రువీకరణకు వచ్చిన ఒప్పందంలో చెల్లింపుల పట్టిక, సున్నిత సన్నివేశాల అనుబంధం, ఫిర్యాదు కమిటీ పేర్లు ఈ మూడూ లేకపోతే ముద్ర వేయకుండా వెనక్కి పంపండి. పారితోషికం ఎంతన్నది మీరు నిర్ణయించమని మేము అడగడం లేదు, అది వాళ్ల మధ్య బేరం.

పైన చెప్పిన అంశాలతో తయారుచేసిన తొమ్మిది పేజీల నమూనా ఒప్పందం, రెండు పేజీల అనుబంధం, మోడల్స్‌కు వేరుగా ఒక పేజీ ఫారం ఈ లేఖతో జతచేస్తున్నాం. మార్పులు చేర్పులు ఉంటే ఎరుపు సిరాతో రాసి పంపండి, వారంలో సరిచేసి ఇస్తాం.

ఇట్లు,
నటీమణుల, మోడల్స్ డేట్లు, ఒప్పందాలు, లెక్కలు చూసే కొందరం
హైదరాబాద్